నంబరు వెనకాల మనిషి: విల్‌హెల్మ్ నుసెల్ట్

మన హీట్ ట్రాన్స్‌ఫర్ డేటా బుక్కులో ఎక్కువసార్లు కనబడే పేరు ఏదని ఎవరైనా అడిగితే నేను లెక్కపెట్టకుండానే నుసెల్ట్ అంటాను. దాదాపు ప్రతి పేజీలోనూ ఉంటాడాయన. కాకపోతే మనిషిగా ఉండడు, సమానం గుర్తుకి ఎడమపక్కన రెండక్షరాలుగా ఉంటాడు. థర్డ్ ఇయర్‌లో ఒక సెమిస్టర్ మొత్తం ఆ రెండక్షరాలకి విలువ కనుక్కోవడంతోనే గడిచిపోయింది. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ఒకరు నస్సెల్ట్ అంటారు, ఒకరు న్యూసెల్ట్ అంటారు. ఆయన జర్మన్ కాబట్టి నుసెల్ట్ అనడం దగ్గరగా ఉంటుంది. పూర్తిపేరు ఎర్నెస్ట్ క్రాఫ్ట్ విల్‌హెల్మ్ నుసెల్ట్.

ఈయన గురించి రాయాలని నాకు ఎందుకు అనిపించిందంటే, ఆయన నలభై ఏళ్ళ పనిని వరసగా చదువుకుంటూ పోతే ఒకే ప్రశ్న వేషాలు మార్చుకుని మళ్ళీ మళ్ళీ వస్తుంది. వేడి వస్తువు ఎంత పెద్దది? అది నిలబడి ఉందా, పడుకుని ఉందా, ఎటు చూస్తోంది? వేడి ఎంత, పదార్థం ఏది అన్నవి అందరూ అడిగేవే. ఈ రెండో రకం ప్రశ్నల్ని పట్టుకుని వదలనివాడు నుసెల్ట్.

1882 నవంబర్ 25న న్యూరెంబర్గ్‌లో పుట్టాడు. జర్మనీలో మొదటి ఆవిరి రైలు 1835లో నడిచింది ఆ ఊరి నుంచే, పక్కనున్న ఫ్యూర్త్‌కి. ఆయన పుట్టేనాటికి అది బాగా పెరిగిన పారిశ్రామిక నగరం. బెర్లిన్‌లోని షార్లొటెన్‌బుర్గ్‌లోనూ మ్యూనిక్‌లోనూ ఉన్న టెక్నికల్ యూనివర్సిటీల్లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి 1904లో పట్టా తీసుకున్నాడు. ఆ పట్టాతో నేరుగా ఏ ఫ్యాక్టరీలోనో చేరిపోవచ్చు. అట్లా చెయ్యకుండా గణితం, భౌతికశాస్త్రం మళ్ళీ విడిగా చదివాడు. మనలో బీటెక్ అయ్యాక మళ్ళీ లెక్కల క్లాసుకి వెళ్ళి కూర్చునేవాళ్ళు ఎంతమంది ఉంటారో చేతులెత్తండి. ఆయన తరవాతి జీవితం మొత్తం ఆ చదువు మీదే నిలబడిందని నా అభిప్రాయం.

మ్యూనిక్‌లో ఓస్కార్ నోబ్లాఖ్ అనే ప్రొఫెసరు టెక్నికల్ ఫిజిక్స్ ల్యాబ్ నడిపేవాడు. నుసెల్ట్ అక్కడ అసిస్టెంటుగా చేరాడు. ఆ రోజుల్లో మ్యూనిక్ అంటే కార్ల్ ఫాన్ లిండే ఊరు కూడా. బీరు తయారీ కేంద్రాలకి లిండే శీతల యంత్రాలు వచ్చాయి. చల్లదనం పుట్టించడం వచ్చేసింది, దాన్ని గోడల మధ్య ఆపడం ఎట్లాగన్నది మిగిలింది. బెరడు, రంపపు పొట్టు, దూది, ఉన్ని, రకరకాల పొడులు. వీటిలో ఏది ఎంత వేడిని ఆపుతుందో నమ్మదగ్గ అంకె కావాలి. నుసెల్ట్ డాక్టరేట్ పని అదే: ఇన్సులేషన్ పదార్థాల ఉష్ణ వాహకత. 1907లో డాక్టరేట్ వచ్చింది.

ఇక్కడ ఆగి ఆయన చేసిన పరికరం గురించి చెప్పాలి. మన ల్యాబులో గుండ్రటి పలక పెట్టి కింద వేడిచేసి పైన చల్లబరిచే ప్రయోగం ఉంది కదా. అందులో తలనొప్పి అంతా అంచులతోనే. వేడి నేరుగా పైకి పోకుండా పక్కల నుంచి జారిపోతుంది. దాన్ని ఆపడానికి అంచుకి గార్డ్ రింగ్, దాని చుట్టూ ఇంకో ఇన్సులేషన్, దానికో కరెక్షన్. నుసెల్ట్ అసలు అంచే లేని ఆకారం తీసుకున్నాడు. ఒక లోహపు గోళం లోపల ఇంకో చిన్న గోళం. రెంటి మధ్యలో పరీక్షించాల్సిన పదార్థం. లోపలి గోళంలో విద్యుత్ హీటర్. ఇప్పుడు వేడికి బయటి గోళం వైపు పోవడం తప్ప ఇంకో దారి లేదు. హీటర్ ఎంత కరెంటు తింటోందో, రెండు గోళాల మధ్య ఉష్ణోగ్రత తేడా ఎంతో కొలిస్తే వాహకత వచ్చేస్తుంది. దొంగదారులన్నీ ఆకారంతోనే మూసేశాడు. దాన్ని ఇప్పటికీ నుసెల్ట్ గోళం అంటారు.

నాకు దూది అనగానే ఆదోని మార్కెట్ యార్డు గుర్తొస్తుంది. మాది గూడూరు. నెల్లూరు గూడూరు కాదు, కర్నూలు గూడూరు, ప్రతిసారీ చెప్పుకోవాల్సిందే. ఆదోని పత్తి, ఎమ్మిగనూరు మగ్గాలు, మా ఊరి మగ్గాలు, అంతా ఒక దారం. పత్తి బోరాన్ని నొక్కితే చేతికి తగిలేదంతా గాలే. నూలు పోగుల మధ్య గాలి చిక్కుకుని కదలకుండా ఉంటుంది, కాబట్టే బొంత వెచ్చగా ఉంటుంది. ఇట్లాంటి గుల్ల పదార్థాన్ని పలకగా కోసి కొలవడం కష్టం. గోళాల మధ్య కూరి కొలవడం తేలిక.

ఆ గోళం నుంచే ఇంకో చిన్న విషయం బయటికొస్తుంది. ఒక గోళాన్ని కదలని గాలిలో వేలాడదీశాం, చుట్టూ అనంతంగా గాలే ఉంది అనుకోండి. లెక్క కడితే నుసెల్ట్ నంబరు సరిగ్గా 2 వస్తుంది. గోళం పెద్దదైనా చిన్నదైనా 2. నంబరు మారలేదంటే వేడి పోవడమూ మారలేదని కాదు. నంబరులో పరిమాణం దాక్కుని ఉంది. ఉష్ణ బదిలీ గుణకం కావాలంటే ఆ 2ని గాలి వాహకతతో గుణించి వ్యాసంతో భాగించాలి. కాబట్టి వ్యాసం పదోవంతైతే చదరపు మీటరుకి పోయే వేడి పదింతలు. పోపులో ఆవగింజ క్షణంలో వేడెక్కి చిటపటలాడి క్షణంలో చల్లారడానికీ, సంగటి ముద్ద పైన చల్లగా కనబడి మధ్యలో వేలు కాల్చడానికీ పరిమాణమే కారణం. ముద్ద లోపల ఇంకో లెక్క కూడా నడుస్తుంది: అడ్డం రెండింతలైతే లోపలి వేడి బయటికి రావడానికి పట్టే కాలం సుమారు నాలుగింతలు. మా అవ్వ చంటిపిల్లలకి ముద్దని చిదిమి పళ్ళెంలో పరిచి పెట్టేది.

డాక్టరేట్ తరవాత నుసెల్ట్ డ్రెస్డెన్ వెళ్ళాడు, మోలియర్ దగ్గర అసిస్టెంటుగా. మన థర్మో పరీక్షలో చేతికిచ్చే స్టీమ్ చార్ట్ మోలియర్‌దే. అక్కడ గొట్టాల్లో ప్రవహించే వాయువులకి వేడి ఎట్లా చేరుతుందో పరిశోధించి ప్రొఫెసరు అర్హత సంపాదించాడు. గొట్టం మొదట్లో ఉష్ణ బదిలీ ఎక్కువగా ఉండి లోపలికి పోయేకొద్దీ తగ్గి స్థిరపడుతుందన్నది కూడా ఈ కాలపు పనే. గ్రేట్జ్ అనే ఆయన అంతకుముందే చేసి ఉన్నాడు కాబట్టి దాన్ని ఇద్దరి పేరుతో గ్రేట్జ్-నుసెల్ట్ సమస్య అంటారు. పొట్టి గొట్టానికీ పొడుగు గొట్టానికీ ఒకే సూత్రం ఎందుకు పనికిరాదో అక్కడే ఉంది. ఇది సిలబస్‌లో ఉన్నదే, వదిలేద్దాం.

అసలు కథ 1915. ఆయన వయసు అప్పటికి 32. అప్పటిదాకా పరిస్థితి ఏంటంటే, ఎవరి గొట్టం మీద వాళ్ళు ప్రయోగం చేసి ఎవరి సూత్రం వాళ్ళు రాసుకునేవాళ్ళు. ఒకాయన గొట్టం రెండంగుళాలు, ఇంకొకాయనది అరంగుళం. ఒకాయన నీళ్ళు పోశాడు, ఇంకొకాయన గాలి ఊదాడు. ఒకరి అంకె ఇంకొకరికి పనికిరాదు. ఫ్యాక్టరీలో పెద్ద బాయిలర్ కట్టేవాడికి ల్యాబులోని చిన్న గొట్టం ఏమీ చెప్పదు. చెప్తుందని నమ్మితే బాయిలర్ మీదికొస్తుంది.

ఒక గొట్టంలో ప్రవాహం తీసుకోండి. గుణకం మీద ప్రభావం చూపేవి వేగం, వ్యాసం, సాంద్రత, స్నిగ్ధత, విశిష్టోష్ణం, వాహకత. ఆరు. ఒక్కోదానికి 10 విలువలు పెట్టి అన్ని కలయికలూ కొలవాలంటే 10 లక్షల ప్రయోగాలు. నుసెల్ట్ ప్రవాహ సమీకరణాల్నీ ఉష్ణ సమీకరణాన్నీ తీసుకుని, వాటిని సాధించే పని పెట్టుకోకుండా, యూనిట్లు లేని రూపంలోకి మార్చాడు. సమాధానం ఏదైనా సరే, అది ఏయే గుంపుల మీద మాత్రమే ఆధారపడగలదు అని అడిగాడు. ఆరూ కలిసి రెండు గుంపులయ్యాయి. ఇవాళ మనం రేనాల్డ్స్ నంబరు, ప్రాంట్ల్ నంబరు అంటున్నవి. సమాధానం మూడో గుంపు, దానికి తరవాతివాళ్ళు ఆయన పేరే పెట్టారు. 10 లక్షల ప్రయోగాలు 100కి దిగాయి. చిన్న గొట్టంలో కొలిచింది పెద్ద గొట్టానికి పనికొస్తుంది, నీళ్ళలో కొలిచింది నూనెకి పనికొస్తుంది, గుంపులు సమానంగా ఉన్నంతవరకు.

ఆ వ్యాసం శీర్షికని తెలుగులో ఉష్ణ సంక్రమణ మూలసూత్రం అనొచ్చు. అది అచ్చయిన పత్రిక పేరు గెసుంధైట్స్-ఇంజెన్యూర్, అంటే ఆరోగ్య ఇంజినీరు. ఇళ్ళు వెచ్చబెట్టేవాళ్ళు, గాలి వెలుతురు చూసేవాళ్ళు, నీటి గొట్టాలు వేసేవాళ్ళు చదివే పత్రిక. పెద్ద సిద్ధాంతం అట్లాంటి చోట అచ్చవడం నాకు భలే నచ్చింది. దాని అవసరం నిజంగా ఉన్నది వాళ్ళకే కదా. అంతకు ముందటేడు 1914లో అమెరికాలో బకింగ్‌హామ్ తన పై సిద్ధాంతం ప్రకటించాడు. అదే 1915లో ఇంగ్లండులో లార్డ్ రేలీ నేచర్ పత్రికలో ఇదే తరహా ఆలోచనతో ఉష్ణ బదిలీ సమస్యని చర్చించాడు. ఇంగ్లండూ జర్మనీ అప్పుడు యుద్ధంలో ఉన్నాయి.

గాలి దానంతటదే వేడెక్కి లేచే సందర్భంలో ఇంకో గుంపు వస్తుంది, గ్రాషాఫ్ నంబరు. అందులో పొడవు ఘనంలో ఉంటుంది. ఇది చూడ్డానికి చిన్న ఘాతాంకం, కానీ ప్రయోగం చేసేవాడి నడుం విరుస్తుంది. సగం సైజు నమూనా తయారుచేసి అదే గాలిలో అసలుతో సమానమైన ప్రవాహం రావాలంటే ఉష్ణోగ్రత తేడా 8 రెట్లు పెంచాలి. పదోవంతు నమూనాకి 1000 రెట్లు. అది కుదిరే పని కాదు, ద్రవమే మార్చుకోవాలి. ఒక గదిని బొమ్మరిల్లుగా చేసి దాంట్లో ఎండాకాలాన్ని పరీక్షించడం అంత తేలిక కానిది అందుకే.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని మా సార్ క్లాసులో ఒక్క వాక్యంలో దాటేశాడు. గ్రాషాఫ్ నంబరులో పొడవు అంటే ఏ పొడవు? నిలబెట్టిన పలకకి దాని ఎత్తు. పడుకోబెట్టిన గొట్టానికి దాని వ్యాసం. అదే గొట్టాన్ని నిలబెడితే మళ్ళీ ఎత్తు. వస్తువు మారలేదు, తూకం మారలేదు, తిప్పి పెట్టామంతే. కానీ లెక్కలో దాని పరిమాణమే మారిపోయింది. వేడెక్కిన గాలి కిందినుంచి పైకి ఎంత దూరం ఆ ఉపరితలాన్ని అంటుకుని ప్రయాణించాలో ఆ దూరమే దాని సైజు. ఏ దూరం లెక్కలోకొస్తుందో గురుత్వాకర్షణ తేలుస్తుంది. పడుకోబెట్టిన పలకకైతే ఇంకో మెలిక. వేడి ముఖం పైకి ఉంటే గాలి హాయిగా లేచిపోతుంది. వేడి ముఖం కిందికి ఉంటే వేడి గాలి దానికిందే ఇరుక్కుని అంచుల దాకా పాకితే గానీ బయటపడదు. తరవాతి కాలంలో మెక్ఆడమ్స్ పుస్తకం ఇచ్చిన గుణకాలు పైకి 0.54, కిందికి 0.27. తిప్పినందుకే సగం.

తరవాతి ఏడాది, 1916లో, జర్మన్ ఇంజినీర్ల సంఘం పత్రికలో నీటి ఆవిరి ఘనీభవనం మీద ఆయన వ్యాసం వచ్చింది. నన్నడిగితే ఆయన పనుల్లో అందమైనది ఇదే. చల్లటి గోడకి ఆవిరి తగిలి నీరవుతుంది. ఆ నీరు పల్చటి పొరగా గోడమీద జారుతుంది. కొత్త ఆవిరి గోడని నేరుగా ముట్టుకోలేదు, ఆ పొర మీద పడాలి. అంటే ఘనీభవించిన నీరే ఇక ఘనీభవించబోయే దానికి అడ్డం. నుసెల్ట్ కొన్ని ఊహలు పెట్టుకున్నాడు: ఆవిరి కదలదు, పొర ప్రశాంతంగా జారుతుంది, పొర మందంలో ఉష్ణోగ్రత సరళరేఖలా మారుతుంది. పొర బరువు కిందికి లాగుతుంది, స్నిగ్ధత పట్టి ఆపుతుంది. అంతే సరంజామా. నోటుబుక్కులో రెండు పేజీల్లో లెక్క పూర్తవుతుంది.

ఫలితం ఏంటంటే గోడ పైనుంచి కిందికి పోయేకొద్దీ పొర మందం దూరం నాలుగో మూలంతో పెరుగుతుంది. పొడవైన నిలువు గొట్టంలో కింది భాగం మందపాటి నీటి దుప్పటి కప్పుకుని ఉంటుంది, పెద్దగా పని చెయ్యదు. అదే గొట్టాన్ని అడ్డంగా పడుకోబెడితే నీరు జారాల్సింది గొట్టం చుట్టూ అర చుట్టు మాత్రమే, తరవాత కింద చుక్కలుగా రాలిపోతుంది. పొర పల్చగానే ఉంటుంది. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మీటర్ల పొడవున్న గొట్టానికి ఆయన సూత్రాలతో లెక్కేశాను. పడుకోబెడితే నిలబెట్టినదానికంటే దాదాపు రెండున్నర రెట్లు గుణకం వస్తుంది. రాగి అదే, ఆవిరి అదే, చన్నీళ్ళు అవే.

నిలువుకి ఎప్పుడూ ఓటమేనా అంటే కాదు. గొట్టం పొడవు వ్యాసానికి 2.86 రెట్లున్న చోట రెండూ సమానం. అంతకంటే పొట్టిదైతే నిలువే గెలుస్తుంది. 25 మిల్లీమీటర్ల గొట్టానికి అది 7 సెంటీమీటర్లు. అంత ముక్కతో ఎవరూ కండెన్సర్ కట్టరు కాబట్టి పెద్ద థర్మల్ స్టేషన్ల కండెన్సర్లలో గొట్టాలు వేల సంఖ్యలో పడుకునే ఉంటాయి. మాకు దగ్గర్లో కడప జిల్లా ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ ఉంది, మీరు ఏ ప్లాంటుకి ఇండస్ట్రియల్ విజిట్‌కి వెళ్ళినా టర్బైన్ కింద అడుగుభాగంలో ఇది అడిగి తెలుసుకోండి. గొట్టాల్ని ఒకదానికింద ఒకటి పేరిస్తే పై గొట్టం నీళ్ళు కింది గొట్టం మీద పడి పొర మందమవుతుందని కూడా ఆ సిద్ధాంతంలోనే ఉంది. 16 వరసలైతే సగటు సగానికి పడుతుంది. నిజం కండెన్సర్లో చుక్కలు చెదిరి పొరని కదిలిస్తాయి, అంత నష్టం ఉండదు. అట్లాగే నిలువు గోడమీద పొరలో అలలు లేచి గుణకం ఆయన చెప్పినదానికంటే కొంచెం ఎక్కువ, 20 శాతం దాకా వస్తుంది. నూరేళ్ళు దాటాయి. ఆ రెండు పేజీల లెక్కకి చేసిన దిద్దుబాట్లలో ఇవి కొన్ని.

యుద్ధం ముగిశాక 1920లో కార్ల్స్‌రూహ్‌లో ప్రొఫెసరయ్యాడు. గ్రాషాఫ్ ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన కాలేజీ అది. అక్కడుండగా 1924లో బొగ్గు పొడి మంట మీద రాశాడు. బొగ్గు రేణువు పూర్తిగా కాలిపోయే సమయం దాని వ్యాసం వర్గానికి అనుపాతంలో ఉంటుందని. పైన చెప్పుకున్న గోళం, ఆ 2, మళ్ళీ వచ్చాయి చూడండి. ఈసారి వేడి బదులు ఆక్సిజన్ రేణువు వైపు ప్రయాణిస్తోంది. రేణువు సగమైతే పావు సమయంలో కాలిపోతుంది. బొగ్గుని బూడిదంత మెత్తగా నూరి బాయిలర్‌లోకి ఊదడం వెనకున్న లెక్క అది. నూరడానికి కరెంటు ఖర్చవుతుంది, అయినా నూరతారు.

1925లో మ్యూనిక్‌కి తిరిగొచ్చాడు, చదువుకున్న చోటికే ప్రొఫెసరుగా. ఇరవయ్యేడేళ్ళు అక్కడే. 1928లో వికిరణం మీద ఒక చిన్న వ్యాసం రాశాడు. దీనితో నాకు సొంత పని పడింది కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తాను.

వేడి వస్తువు నుంచి మనమీద పడే వికిరణంలో దాని ఉష్ణోగ్రత ఒక పాలు. మన ఉపరితలానికి అది ఎంత మేర కనబడుతోంది అన్నది ఇంకో పాలు. దీన్ని లెక్కించడానికి రెండు వరసల ఇంటెగ్రల్స్ ఉంటాయి, చూస్తేనే భయమేస్తుంది. నుసెల్ట్ దానికి బొమ్మ గీశాడు. నేలమీద ఒక బిందువు. దాని మీద బోర్లించిన గిన్నెలా ఒక యూనిట్ అర్ధగోళం. ఆ బిందువు నుంచి చూస్తే వేడి వస్తువు ఆకారం గిన్నె మీద ఎక్కడ పడుతుందో గీయండి. ఆ మచ్చని నిలువుగా కిందికి దించి నేలమీది వృత్తంలో నీడగా చూడండి. ఆ నీడ వైశాల్యం వృత్తంలో ఎంత వంతో అదే వ్యూ ఫ్యాక్టర్. నడినెత్తిన ఉన్న వస్తువు నీడ నిండుగా పడుతుంది. పక్కన, దిగంతం దగ్గర ఉన్న వస్తువు గిన్నె అంచున పడి, దించేసరికి సన్నటి గీతలా నొక్కుకుపోతుంది. సైజు, దూరం, వాలు, మూడూ ఒక్క నీడలో. సీఎస్ఈ మిత్రులకి: 1985లో కోహెన్, గ్రీన్‌బర్గ్ కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో గది వెలుతురు లెక్కించడానికి వాడిన అర్ధఘనం పద్ధతి ఈ గిన్నె మీదే ఆధారపడింది. గిన్నె బదులు పెట్టె పెట్టారు, పిక్సెళ్ళు కుదరాలి కదా. నుసెల్ట్ అనాలజీ అని మీ పుస్తకాల్లో ఉన్నది ఈయనే.

మా ఇంట్లో మగ్గం గదికి మట్టిమిద్దె ఉండేది. చౌడుమట్టి పరిచిన మందపాటి మిద్దె. చల్లగా ఉండేది గానీ వానొస్తే కారేది. నూలు తడిస్తే నష్టం. మా నాయన అప్పు చేసి స్లాబు వేయిద్దామన్నాడు. అందరూ తొమ్మిదడుగులకే వేయించుకుంటున్నారు, గోడ పెరిగితే ఇటుక ఖర్చు. ఆ గదిలో పగలు నాయన గుంట మగ్గంలో కూర్చుంటాడు, రాత్రి అవ్వ మంచం వేసుకుంటుంది. మిగతావాళ్ళం ఎండాకాలం మిద్దె మీదే పడుకుంటాం. అవ్వకి మోకాళ్ళు, మెట్లెక్కలేదు. ఏప్రిల్, మేలో మా వైపు స్లాబు పగలు తాగిన ఎండని పొద్దుపోయాక లోపలికి దించడం మొదలుపెడుతుంది. పదింటికి మంచం మీద నిలబడి చెయ్యి పెడితే కాలుతూ ఉంటుంది.

వేడి స్లాబు అంటే వేడి ముఖం కిందికున్న పలక. గాలి ద్వారా వేడి దిగడం చాలా తక్కువ, చదరపు మీటరుకి డిగ్రీకి సుమారు 1 వాట్. వికిరణం ద్వారా దిగేది 5 నుంచి 6. అంటే అవ్వని కాల్చేది గాలి కాదు, స్లాబు చూపు. వెల్లకిలా పడుకున్న మనిషికి పైకప్పు కనబడినంతగా కూర్చున్న మనిషికి కనబడదు. పన్నెండడుగుల చదరపు గది, అడుగున్నర ఎత్తు మంచం తీసుకుని, పైకప్పుని అంతే వైశాల్యమున్న వృత్తంగా అనుకుని గిన్నె గీశాను. తొమ్మిదడుగుల స్లాబుకి వ్యూ ఫ్యాక్టర్ 0.45. పదకొండడుగులైతే 0.34. రెండడుగుల గోడకి నాలుగో వంతు తగ్గింది. గోడలూ వేడెక్కి తిరిగి వికిరణం చేస్తాయి కాబట్టి నిజం లాభం ఇంకా తక్కువే.

నాయన కాగితం చూసి, ఆ రెండడుగులకి ఎన్ని ఇటుకలో వేళ్ళమీద లెక్కేశాడు. నాలుగో వంతుకి అంత డబ్బా అన్నట్టు చూశాడు. న్యాయమే. స్లాబు వేడే తగ్గిస్తే ఎత్తుతో పనేముంది? బూడిదరంగు సిమెంటు మీద పడ్డ ఎండలో సగానికి పైగా లోపలికి పోతుంది, కొత్త సున్నం వేసిన తెల్లటి స్లాబు చాలామటుకు వెనక్కి కొడుతుంది. చివరికి పదడుగులకి వేయించి, ప్రతి ఏడూ ఉగాదికి ముందు పైన సున్నం కొట్టడం అని తేలింది. అవ్వ మాత్రం మా ఇద్దరినీ పట్టించుకోలేదు. మగ్గం దగ్గర మిగిలిన నేతగుడ్డ ముక్కలు కుట్టించి మంచం పైన చాందినీలా కట్టించుకుంది. పుస్తకంలో దాన్ని రేడియేషన్ షీల్డ్ అంటారు. రెండు ఉపరితలాల మధ్య ఒకే రకం ఉద్గారతతో ఒక పల్చటి అడ్డం పెడితే వికిరణం సగమవుతుందని సిద్ధాంతం. రెండడుగుల గోడ ఇచ్చేదానికి రెట్టింపు, పైసా ఖర్చు లేకుండా. మేలో సెలవులకి వెళ్ళినప్పుడు దానికింద పడుకుని చూశాను. నిద్ర పట్టింది.

నుసెల్ట్ మ్యూనిక్ సంవత్సరాల్లో ఇంకా చాలా ఉంది. అడ్డంగా ఒకదాన్నొకటి దాటే ప్రవాహాల మధ్య ఉష్ణ మార్పిడి, రీజెనరేటర్ల సిద్ధాంతం, ఆవిరవడంలో వేడికీ పదార్థానికీ ఉన్న పోలిక. థర్మోడైనమిక్స్ మీద జేబులో పట్టే చిన్న పుస్తకాలు కూడా రాశాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఆ యూనివర్సిటీ కట్టడాల్లో దాదాపు 80 శాతం బాంబులకి కూలిపోయాయి. ఆయనకి అప్పుడు 62 ఏళ్ళు. ఇంకో ఏడేళ్ళు ఆ పదవిలోనే ఉన్నాడు. గౌస్ పతకం, గ్రాషాఫ్ స్మారక పతకం వచ్చాయి. గ్రాషాఫ్ నంబరుకి జీవం పోసినాయనకే గ్రాషాఫ్ పతకం. 1957 సెప్టెంబర్ 1న మ్యూనిక్‌లో చనిపోయాడు.

1952లో ఆయన దిగిపోయిన కుర్చీలో ఎర్నెస్ట్ ష్మిట్ కూర్చున్నాడు. ఆయన పేరు మీదా ఒక నంబరుంది. మాస్ ట్రాన్స్‌ఫర్ తీసుకున్నవాళ్ళకి వచ్చే సెమిస్టర్‌లో కలుస్తాడు.